మూడు చుక్కలు పొడిచాయని చెప్పింది నేనే

సారు పోయాడన్న కబురు నాకు గోడ మీద నుంచి వచ్చింది. పొద్దున్నే గొర్రెల దొడ్డిలో పెంట ఎత్తుతున్నాను. గోడ అవతల సారు భార్య తల ఒక్కటే కనిపించింది. మామూలుగా అయితే "అక్కా" అని పిలిచి ఏదో ఒకటి అడుగుతుంది. ఆ రోజు పిలవలేదు. నేనే చూసి, "ఏంది చెల్లె, పాలు కావాల్నా?" అన్నాను.

"వద్దక్క. తాగేటాయన లేడు" అంది.

తట్ట అక్కడే పడేసి వెళ్లాను. వాళ్ల పెరట్లో కొమ్మలతో కప్పిన పందిరి, దాని కింద నులక మంచం, మంచం మీద సారు. నిద్రలోనే పోయాడట. దుప్పటి కూడా నలగలేదు. నేను పక్కన నిలబడి చాలాసేపు ఆయన ఛాతీనే చూశాను, లేస్తుందేమోనని.

సారు దగ్గర చదువుకున్నవాళ్లు ఆయన జ్ఞాపకంగా ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. ఊళ్లో అందరినీ అడిగి రాసుకుంటున్నారు. నా దగ్గరికి రాలేదు. గొర్రెలు కాసే ముసలిదానికి సారు గురించి ఏం తెలుస్తుందనుకున్నారేమో. నేనే కబురు పంపించాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా కోడలు పుస్తకాల భాషలో రాస్తోంది. మనుషులు మాట్లాడుకున్న మాటలు మాత్రం మార్చొద్దని చెప్పాను. ఇది బాగోలేదనిపిస్తే మొత్తం తీసెయ్యండి, సగం ఉంచి సగం తీసెయ్యొద్దు. ఎందుకంటే నేను చెప్పబోయేది పొగడ్త ఒక్కటే కాదు. ఇందులో ఒక తప్పు ఉంది. అది సారు మీద పడకూడదు.

మా ఊరు పానగల్‌కు తూర్పున ఉంటుంది. సారు ఇక్కడి బడిలో ముప్ఫై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పాడు. రిటైరయ్యాక మా దొడ్డి పక్కన జాగా కొని ఇల్లు కట్టుకున్నాడు. వాళ్లది మొదట్లో చర్చికి పోయే కుటుంబమే. తర్వాత సారు, ఇంకో మూడిళ్ల వాళ్లు అది మానేసి యూదుల పద్ధతి పట్టుకున్నారు. శుక్రవారం పొద్దుగూకే ముందు దీపం పెడితే, శనివారం పొద్దుగూకే దాకా పొయ్యి వెలిగించరు, బస్సెక్కరు, ఫోను ముట్టరు. ఊళ్లో ఆయన్ని శనివారం సారు అని నవ్వేవాళ్లు. ఆయన కూడా నవ్వి, "మిగిలిన ఆరు దినాలు మీవే గద" అనేవాడు.

దేవుడు మోషేకు ఇచ్చాడని వాళ్లు చెప్పే అయిదు పుస్తకాలను తోరా అంటారట. దాన్ని ఏడాదికి సరిపోయేలా ముక్కలు చేసి, వారానికొక ముక్క చదువుతారు. లోకంలో వాళ్ల మతం వాళ్లు ఎక్కడున్నా ఆ వారం అదే ముక్క. సారు ముసలితనంలో ఆ భాష అక్షరాలు నేర్చుకున్నాడు. కుడి నుంచి ఎడమకు చదవాలట. చిన్నప్పుడు వాళ్ల బాపు ఉర్దూ నేర్పించాడు కాబట్టి కష్టమనిపించలేదన్నాడు. ముందు ఆ భాషలో చదివి, తర్వాత అదంతా తెలుగులో చదివేవాడు. అరుగు మీద కూర్చుని, తరగతి గదిలో చివరి బెంచీకి వినిపించే గొంతుతో. శనివారం నేను మందను ఆలస్యంగా తోలేదాన్ని. ఒకసారి అడిగాను, మనసులో చదువుకోవచ్చు కదా అని. "మనసుల చదివితే నాకొక్కనికే అక్క. గొంతుతోని చదివితే గోడ అవతలికి గూడ" అన్నాడు.

ఆ గోడ అవతల ఉన్నది నేను, నా గొర్రెలు.

ఇట్లా ఎన్నో ఏళ్లు విన్నాను. ఏ కథ ఏ కాలంలో వస్తుందో నాకు మేత చూస్తే తెలిసేది. చలి మొదలై మా గొర్రెలు ఈనే రోజుల్లో యాకోబు గొర్రెల కథ వస్తుంది. మామ మందలో మచ్చల పిల్లలన్నీ నావేనని యాకోబు ఒప్పందం చేసుకుంటాడు. పుల్లల మీద తొక్క గీకి చారలు చేసి నీళ్ల తొట్ల దగ్గర పెడతాడు. ఆ చారలు చూసిన గొర్రెలు చారల పిల్లల్ని, మచ్చల పిల్లల్ని ఈనుతాయి. మొదటి ఏడు అది విని నేను ఊరుకోలేకపోయాను.

"సారూ, ఆపు. అది అబద్ధం."

"ఏది అక్క?"

"పుల్లలు సూస్తే మచ్చల పిల్లలు పుడ్తయా? పొట్టేలు మచ్చలదైతే పిల్ల మచ్చలదైతది. మీ యాకోబు గొర్లు కాసిండా, కథలు చెప్పుకుంట తిరిగిండా?"

లోపల ఆడవాళ్లు నవ్వారు. కుట్టుమిషన్ ఆయన మాత్రం నవ్వలేదు. ఆయన బస్టాప్ దగ్గర బట్టలు కుడతాడు, ఆ నాలుగిళ్లలో అందరికంటే పట్టింపు ఆయనకే. "సారూ, మధ్యల మాట్లాడనియ్యకుండ్రి" అన్నాడు. సారు చెయ్యెత్తి ఆయన్ని ఆపి, పేజీ తిప్పి కాసేపు లోలోపల చదువుకుని, లేచి గోడ దగ్గరికొచ్చాడు.

"అక్కా, జర ముందుకు పోతే యాకోబుకు కలల గదే కనబడ్డది. మందల ఎక్కిన పొట్టేళ్లన్నీ మచ్చలవేనట. నువ్వు చెప్పిందే నిజం."

"గింత దానికి కల గనాల్నా" అన్నాను.

ఆ తర్వాత ప్రతి ఏడు ఆ వారం వచ్చినప్పుడు ఆయన అక్కడ ఆగి నా వైపు చూసేవాడు. నేను తల ఊపితే ముందుకు పోయేవాడు. నేను ఏదైనా అడిగితే ఒక్కోసారి వెంటనే జవాబు దొరికేది కాదు. "తెల్వదక్క. వచ్చే శనివారం దాక టైమియ్యి" అనేవాడు. బడి పంతులు నాతో తెలియదు అనడం నేను వినడం అదే మొదటిసారి. మా ఊళ్లో చదువుకున్నవాళ్లు ఎవరూ నాకు ఆ మర్యాద ఇవ్వలేదు.

ఆయన మీద నాకు కోపం వచ్చింది కూడా ఉంది. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. వాళ్ల కొత్త ఏడాదికి పొట్టేలు కొమ్ము ఊదాలట. ఒకటి కావాలని అడిగాడు. ఎల్లమ్మకు కోసిన పొట్టేలు కొమ్ము నా దగ్గర ఉంది. ఉడకబెట్టి, లోపలి గుజ్జు తీసి, బూడిదతో తోమి ఇచ్చాను. రెండు చేతులతో తీసుకున్నాడు. ఎక్కడి పొట్టేలని అడిగాడు. చెప్పాను. కొమ్మును మెల్లగా గోడ మీద పెట్టేశాడు.

"గిది మాకు పనికిరాదక్క. వేరే దేవునికి ఇచ్చింది మేం వాడొద్దు."

"మా తల్లికి పెట్టింది నీకు ఎంగిలైందా? పో, ఇంకెవరి గోడ కాడన్న అడుక్కో."

మర్నాడు పొద్దున గోడ దగ్గర నుంచి కాకుండా వీధిలోంచి తిరిగి మా గేటు ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ఎంగిలి కాదక్క. నీ తల్లికి ఇచ్చింది నీ తల్లిదే. అది తీసుకుంటే నేను దొంగనైత" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. వానాకాలంలో కడుపుబ్బి చచ్చిన పొట్టేలు కొమ్ము ఇంకొకటి తీసి ఇచ్చాను. మొదటిసారి ఆయన దాన్ని ఊదినప్పుడు నా మంద మొత్తం మేత ఆపి తలలెత్తింది.

మా పెత్రమాస దాటగానే వాళ్లకు కొత్త ఏడు వస్తుంది. మేము చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇచ్చి, బతుకమ్మ పేర్చడం మొదలుపెట్టే రోజుల్లో అటువైపు కొమ్ము మోగుతుంది. అధిక మాసం వచ్చిన ఏడు ఇద్దరి పండుగలు విడిపోతాయి, మళ్లీ వచ్చి కలుస్తాయి. కలిసిన ఏడు మా దసరాకు అటూ ఇటుగా వాళ్ల ప్రాయశ్చిత్త దినం పడుతుంది. ఏడాదంతా చేసిన తప్పులు దేవుడు ఆ రోజు తుడిచేస్తాడట. దానికోసం ముందురోజు పొద్దుగూకినప్పటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టరు. గోడకు ఇటు మసాలా వాసన, అటు ఎండిన పెదవులు. "అక్కా, మీ పొయ్యి జర ఆ దిక్కు మళ్లియ్యరాదే" అనేవాడు సారు.

ఆ రోజు మధ్యాహ్నం దాటాక యోనా కథ చదువుతారు. ఒక ఊరి మీదికి శిక్ష వస్తోందని యోనా చెబుతాడు. ఆ ఊరి రాజు భయపడి, మనుషులతో పాటు గొడ్లను, గొర్రెలను కూడా మేత, నీళ్లు లేకుండా ఉంచమంటాడు. నేను మళ్లీ ఊరుకోలేదు.

"పాపం జేసింది మనుషులు, ఎండేది గొర్లా? గదేం న్యాయం సారూ?"

"ఆఖరి దాక ఇనక్క."

ఆఖర్న దేవుడు ఆ ఊరిని వదిలేస్తాడు. యోనా అలుగుతాడు. అంతమంది మనుషులున్న ఊరి మీద, అన్ని పశువులున్న ఊరి మీద నాకు జాలి ఉండొద్దా అని దేవుడు అడుగుతాడు. కథ ఆ పశువుల మాట దగ్గరే ఆగిపోతుంది. "మీ దేవునికి జర తెలివున్నది" అన్నాను. ఎండిన గొంతుతో సారు నవ్వీ నవ్వీ దగ్గుతుంటే ఆయన భార్య నా మీద కేకలేసింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

వాళ్ల శనివారం ముగియాలన్నా, ఆ పెద్ద ఉపవాసం తీరాలన్నా ఆకాశంలో మూడు చుక్కలు కనపడాలి. ఇంట్లో గడియారం ఉన్నా సారు కంటితోనే చూసేవాడు. తర్వాత ఆయన కళ్లకు పొర కమ్మింది. ఆపరేషన్ అయినా పొద్దుగూకాక చూపు ఆనేది కాదు. అప్పుడు ఆ పని నాకు అప్పజెప్పాడు. వాళ్లంతా లోపల ప్రార్థనలో ఉంటారు. నేను దొడ్డిలో నిలబడి చూసి, పొడిచాయని గోడ మీద నుంచి చెప్పాలి. మన మతం కాని మనిషి మాట ఎట్లా పట్టుకుంటామని కుట్టుమిషన్ ఆయన అడిగాడు.

"చుక్కలకు మతం ఉన్నదా తమ్మీ? అక్క బతుకంత బయటనే పండుకున్నది. మనకంటె ముందు ఆమెకే కనబడ్తయి" అన్నాడు సారు.

ఆ పని నేను ఎన్నో ఏళ్లు చేశాను. దసరా నాడు మావాళ్లు జమ్మికి పోతుంటే నేను మూడు చుక్కలు చూసి చెప్పి, అప్పుడు పోయేదాన్ని. రెండు చూసి మూడని ఎన్నడూ అనలేదు. మబ్బు పట్టిన ఏడు వాళ్లు గడియారం చూసి, దాని మీద ఇంకా చాలాసేపు ఆగేవాళ్లు.

ఈ ఏడు సారుకు షుగర్ బాగా పెరిగింది. నల్గొండ దవాఖానలో డాక్టరు ఉపవాసం వద్దన్నాడు. జబ్బు మనిషి ఆ రోజు తినొచ్చని, తాగొచ్చని వాళ్ల ధర్మంలోనే ఉందట. ఆ మాట చెప్పి సారు ఎంతమందితో తినిపించాడో నాకు తెలుసు. తన దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నాకేం జబ్బు? నడుస్తలేనా?" అన్నాడు.

ఈ ఏడు ఆ ఉపవాసం సరిగ్గా దసరా నాడే పడింది. మధ్యాహ్నం యోనా కథ మొదలుపెట్టాడు. మాటకూ మాటకూ మధ్య గొంతు ఆగిపోతోంది. రాజు ఆజ్ఞ దాకా చదివి, ఇక చాతకాక పుస్తకం కుట్టుమిషన్ ఆయన చేతికిచ్చాడు. నేను గోడ దగ్గరికి పోయి చూశాను. కుర్చీలో తల వేలాడేసి ఉన్నాడు. చేయి వణుకుతోంది. పక్కన భార్య గ్లాసు పట్టుకుని నిలబడింది.

"సారూ, తాగు" అన్నాను.

"చుక్కలు రానియ్యక్క."

"వచ్చేదాక నువ్వుండాలె గద."

నవ్వాడు. ఆ నవ్వు పెదవుల దాకా రావడానికే చాలాసేపు పట్టింది.

పొద్దు మబ్బు వెనకే కుంగింది. జమ్మికి పోయేవాళ్ల డప్పులు వినిపిస్తున్నాయి. మావాళ్లు రమ్మని పిలుస్తున్నారు. దొడ్డిలో నిలబడి పైకి చూశాను. ఆకాశమంతా బూడిద పూసినట్టు ఉంది. ఒక్క చుక్క లేదు. వాళ్లు గడియారం చూసి, దాని మీద ఇంకా ఆగుతారు. ఇంతలో అటు కుర్చీ కిర్రుమంది. సారు భార్య గట్టిగా ఆయన్ని పిలిచింది. జవాబు రాలేదు. మళ్లీ పిలిచింది.

నేను నోరు తెరిచాను. "సారూ, పొడిసినయి. మూడు."

లోపల చప్పుడు ఆగింది.

"ఎక్కడ అక్క?" అన్నాడు సారు. చాలా చిన్న గొంతు.

అన్నేళ్లలో ఎక్కడని ఆయన ఎన్నడూ అడగలేదు. నేను ఆలోచించుకోలేదు. ఆకాశంలో కాస్త వెలుతురుగా ఉన్న దిక్కుకు నా చేయి దానంతట అదే లేచింది. "గదిగో, పానగల్ దిక్కు. మబ్బు జర విచ్చుకున్నది" అన్నాను.

కొంచెంసేపు ఏమీ వినపడలేదు. తర్వాత గ్లాసు చప్పుడు. ఆయన తాగాక అందరూ తాగారు. ఉపవాసం ముగిసిందని చివర్లో కొమ్ము ఒకసారి పొడుగ్గా ఊదాలి. సారుకు ఊపిరి చాలక కుట్టుమిషన్ ఆయన ఊదాడు. ఊది బయటకొచ్చి ఆకాశం చూశాడు, నన్ను చూశాడు. నేను జమ్మికి పోయాను.

దారిలో నడుస్తుంటే తెలిసింది నేనేం చేశానో. పానగల్ మాకు పడమర. పొద్దు గూకింది ఆ దిక్కునే. చీకటి ముందు తూర్పున పడుతుంది, చుక్క కోసం ఎవరైనా ముందు అటే చూస్తారు. గొర్రెలు కాసేదాన్ని, పొద్దు గూకిన దిక్కు చూపించి మూడు చుక్కలన్నాను.

అయిదు రోజులకు పర్ణశాలల పండుగ వచ్చింది. ఏడు రోజులు పెరట్లో కొమ్మల పందిరి కింద తినాలి, కుదిరితే పడుకోవాలి. సారు లేవగలిగాడు, కానీ తేరుకోలేదు. పందిరి కిందే మంచం వేయించుకున్నాడు. రెండో రోజు సాయంత్రం మేకపాలు కాచి తీసుకెళ్లాను. గ్లాసు చేతిలో పెట్టుకుని, తాగకుండా నన్నే చూశాడు.

"అక్కా, ముప్పై ఏండ్లు పిల్లలకు తప్పు చెప్పిన్నేమో."

"ఏం తప్పు?"

"పొద్దుగూకే దిక్కున చీకటి ఆఖరికి వస్తదని."

ఆయన ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. నేను చెప్పాలని ఎదురుచూస్తున్నాడు. కోపంగా కూడా లేడు. ఒక్క మాట చెబితే అయిపోయేది. నాకు నోరు రాలేదు. నోరున్నదాన్నని ఊరంతా చెప్పుకునే నాకు.

"నీ చదువు నాకెందుకు సారూ? పాలు సల్లారుతున్నయి, తాగు" అన్నాను.

తాగాడు. గ్లాసు తిరిగి ఇస్తూ, "గా నాటి నీళ్లు మస్తుగుండెనక్క" అన్నాడు. నేను గ్లాసు తీసుకుని వచ్చేశాను. మర్నాడు పొద్దున నేను గోడ ఇవతల పెంట ఎత్తుతూ ఉన్నాను.

సారును ఆ రోజే పొద్దుగూకకముందే పొలం మూలన మట్టిలో పెట్టారు. తెల్లబట్ట తప్ప ఏమీ లేదు. బంతిపూలు పట్టుకెళ్తే పూలు వద్దన్నారు, రాయి పెట్టమన్నారు. ఒక రాయి వెతికి పెట్టాను.

మనిషి పోతే ఇంటివాళ్లు ఏడు రోజులు నేల మీద కూర్చుని దుఃఖపడాలట, కానీ పండుగ నడిచినన్ని రోజులు అట్లా కూర్చోకూడదట. మనిషి పోయిన ఇంట్లో పండుగేమిటని నేను అరిచాను. సారు భార్య నన్ను పక్కకు తీసుకుపోయి, "ఆయన పెట్టుకున్న పద్ధతే అక్క" అంది. మిగిలిన రోజులన్నీ ఆ పందిరి కింద నాలుగిళ్ల వాళ్లకు వడ్డించింది. పండుగ అయిపోయాక చివరి ముక్క చదివారు. మోషే కొండ మీద నుంచి దేవుడు ఇస్తానన్న దేశమంతా చూసి, అందులో అడుగు పెట్టకుండానే చనిపోతాడు. అది అయిన వెంటనే, ఊపిరి తీసుకున్నంతలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. కుట్టుమిషన్ ఆయన చదివాడు. ఆయన గొంతు గోడ దాకా రాలేదు. ఆ తర్వాతే ఆమె నేల మీద కూర్చుంది, ఏడు రోజుల కోసం.

ఈలోపు ఆ నాలుగిళ్లలో మాట పుట్టింది. ఆ రోజు చుక్కలు పొడవకముందే నీళ్లు తాగారని. సారు ఉపవాసం చెడిందని. చెడిన ఉపవాసంతో, ఏడాది తప్పులు తుడవకుండానే ఆయన పోయాడని. కుట్టుమిషన్ ఆయన మా గేటు దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మా, గా దినం నిజంగ సూసినవా?"

"నీ కండ్లకు పొరలొచ్చినయా? పో" అన్నాను.

తలొంచుకుని పోయాడు. మొదటి అబద్ధం సారు కోసం చెప్పాను. దానికి నాకు సిగ్గు లేదు, ఇప్పుడైనా చెబుతాను. ఈ రెండోది నా కోసం చెప్పాను. ఇది మాత్రం అన్నం తింటుంటే అడ్డం పడింది.

ఏడో రోజు వెళ్లాను. సారు భార్య గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నాలుగిళ్ల వాళ్లూ ఉన్నారు. కుట్టుమిషన్ ఆయన చొక్కా మెడ దగ్గర చిరిగి వేలాడుతోంది. చదువు చెప్పిన గురువు పోతే చింపుకోవాలట, దాన్ని మళ్లీ సరిగ్గా కుట్టుకోకూడదట. నేను గడప దగ్గరే నిలబడ్డాను.

"ఇనుండ్రి. దసరానాడు చుక్కలు లెవ్వు. నేను అబద్ధం చెప్పిన. సారు తాగిన నీళ్లు, మీరు తాగిన నీళ్లు అన్నీ నా మీదనే. దేవుడు అడిగితే గోడ పక్క గొర్ల ముసల్దాన్ని అడుగుమని చెప్పుండ్రి. ఆయన్ని అనకుండ్రి."

కుట్టుమిషన్ ఆయన లేచాడు. ముఖం ఎర్రబడింది. "ఎనిమిది మంది ఉపవాసం పెద్దమ్మా. సారుకు అది ఆఖరిది" అన్నాడు.

"కూసో తమ్మీ" అంది సారు భార్య. అన్ని రోజుల్లో ఆమె గొంతు నాకు అంత స్పష్టంగా వినపడటం అదే మొదటిసారి. "అక్క చెప్పినంక ఆయన నా దిక్కు తిరిగి మెల్లగ అడిగిండు, నువ్వు గూడ సూసిరా అని. నేను వంటింటి కిటికీల నుంచి సూసిన. మబ్బే. వచ్చి, సూసిన, మూడున్నయి అన్న. అప్పుడు తాగిండు."

కుట్టుమిషన్ ఆయన నిలబడినవాడు అట్లాగే ఉండిపోయాడు. ఆయన ముఖంలో కోపం పోయి, పాఠం గుర్తు తెచ్చుకునే పిల్లవాడి ముఖం వచ్చింది. "ఇద్దరు సాక్షులు" అన్నాడు. "ఇద్దరు చెప్తే మాట నిలబడ్తది. పుస్తకంల అట్లనే ఉన్నది. సారే చెప్పిండు మాకు." మెల్లగా కూర్చున్నాడు. "ఆయన పద్ధతి తప్పలే. సాక్షులు అబద్ధమాడితే అది సాక్షుల మీదికే."

"మరి గంతే గద" అన్నాను. "ఇద్దరం ఉన్నం. సగం సగం మొయ్యలేమా?"

సారు భార్య నన్ను చూసి నవ్వబోయింది. అది నవ్వు కాలేదు. అప్పుడు ఏడ్చింది, ఆయన పోయాక మొదటిసారి. పండుగ రోజుల్లో మింగినదంతా ఒకేసారి వచ్చింది. నేను పోయి పక్కన కూర్చుని ఆమె తల నా ఒళ్లో పెట్టుకున్నాను. మేమిద్దరం అబద్ధాలాడుతున్నామని సారుకు తెలుసు. తెలిసీ మా ఇద్దరి మాట పట్టుకుని నీళ్లు తాగాడు. మమ్మల్ని కాదనలేక తాగాడో, దాహానికి తాగాడో అడగడానికి ఇప్పుడు లేడు. అది నాకు ఎప్పటికీ తెలియదు. ఎవరైనా తెలుసని చెబితే నేను నమ్మను.

అచ్చు వేసేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. సారు ఉపవాసం చెడలేదు. చెడగొట్టినవాళ్లం మేమిద్దరం, మేము బతికే ఉన్నాం. అడగాల్సినవాళ్లు వచ్చి మమ్మల్ని అడగొచ్చు.

మొన్న శనివారం పొద్దుగూకింది. నేను మందను దొడ్లోకి తోలి, కంప అడ్డం పెడుతున్నాను. గోడ అవతల కుట్టుమిషన్ ఆయన వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక మిగిలినవాళ్లు. సారు భార్య చేతిలో దీపం ఉంది, వెలిగించలేదు. శనివారం ముగిస్తేనే వెలిగించాలి.

"పెద్దమ్మా, పొడిసినయా?" అన్నాడు.

కంప పట్టుకునే వాళ్ల వైపు తిరిగాను. "మీ ఇంట్ల గడియారం లేదా?" అన్నాను.

"ఉన్నది."

"మరి?"

"నువ్వే సూడు పెద్దమ్మా."

కంప వదిలేసి పైకి చూశాను. మబ్బు లేదు. నడినెత్తి మీద ఒకటి ఉంది. తూర్పున, తుమ్మచెట్ల పైన ఇంకొకటి. మూడోదాని కోసం అటూ ఇటూ వెతికాను.

"రెండే. ఆగుండ్రి" అన్నాను.

ఎవరూ కదల్లేదు. గొర్రెలు నెమరు వేస్తున్నాయి. సారు భార్య ఒక చేతిలో దీపం, ఇంకో చేతిలో అగ్గిపెట్టె పట్టుకుని నా ముఖం వైపే చూస్తోంది. నేను తూర్పుకు తిరిగి నిలబడి ఉన్నాను.